పడితే సాగే తాడు: 9.8 మి.మీ. డైనమిక్ తాడు, లాక్ కారబైనర్ల సమీక్ష

పద్దెనిమిది నెలలుగా నేను వాడుతున్న ఒక డైనమిక్ తాడు (కొండ ఎక్కేవాడు పడితే సాగి కుదుపు తగ్గించే తాడు) గురించి, దానితో పాటు ఒకే పెట్టెలో వచ్చిన రెండు లాక్ కారబైనర్లు (తాడు తగిలించే, గేటు ఉన్న లోహపు కొక్కేలు), ఒక తాడు సంచి గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. తాడు మందం 9.8 మిల్లీమీటర్లు, పొడవు 60 మీటర్లు. తయారీ సంస్థ పేరు చెప్పడం లేదు. నేను చెప్పబోయే గుణదోషాల్లో చాలా భాగం ఈ తరగతి తాళ్లన్నిటికీ వర్తిస్తాయి కనుక, ఏ సంస్థ తాడు కొనబోయేవారికైనా ఇవి ఉపయోగపడతాయని అనుకుంటున్నాను. ఈ తాడు గుణం తెలుసుకోవాలంటే రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా పర్వత దళం కోసం జరిగిన పని కొంత తెలుసుకోవాలి కాబట్టి, ఆ కథ కూడా మధ్యమధ్యలో వస్తుంది.

ముందుగా తాడు అసలు పని. కొన్నది మొదలు నాలుగో నెలలో, నిట్టనిలువు బండ మీద లీడ్ చేస్తుండగా, అంటే తాడుతో అందరికంటే ముందు ఎక్కుతుండగా, బండలో బిగించి ఉన్న ఆఖరి బోల్టుకు రెండు మీటర్ల పైన నా కాలు జారింది. బిలే చేస్తున్న, అంటే కింద తాడు పట్టుకుని కాపాడుతున్న మిత్రుడికీ నాకూ మధ్య అప్పటికి సుమారు పద్నాలుగు మీటర్ల తాడు ఉంది. బోల్టు పైన రెండు మీటర్లు, బోల్టు కింద రెండు మీటర్లు, వెరసి నాలుగు మీటర్లు గాలిలో పడ్డాను. ఆ తర్వాత జరిగినదాన్ని ఆగడం అనడానికి నోరు రాదు. నడుము దగ్గర హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీ) బిగుసుకుంది, తాడు మెల్లగా సాగింది, నేను ఇంకొంచెం కిందికి దిగి, ఒకసారి పైకి ఊగి, నిలిచాను. వెన్నుకు కుదుపు తగలలేదు. బోల్టు దగ్గరి కారబైనర్ చిన్నగా కిర్రుమంది, అంతే. మిత్రుడు కిందనుంచి బాగున్నావా అని అడిగేలోపే నేను మళ్లీ బండ మీద చేయి వేశాను.

ఈ తాడుకు నేను ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క క్షణానికే ఇస్తాను. ఆ సాగుడు వట్టి సౌకర్యం కాదని, దాని వెనుక యుద్ధకాలపు అవసరమూ కొందరి కఠిన పరిశ్రమా ఉన్నాయని నాకు తెలిసింది మా శిక్షకుడి దగ్గర. ఆయన తన సేకరణలోంచి మూడు పురులుగా పేనిన పాతకాలపు నైలాన్ తాడు ముక్కనూ, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఒక ఉక్కు కారబైనర్‌నూ తీసి నా చేతిలో పెట్టారు. తాడు గరుకుగా, గడుసుగా ఉంది. పురుల మధ్య వేలు పెడితే గాడి స్పష్టంగా తగులుతుంది. కారబైనర్ గేటు నొక్కితే స్ప్రింగు ఇంకా పనిచేస్తోంది. నా కొత్త కారబైనర్లు రెండూ కలిపి ఒక అరచేతిలో, ఆ పాతది ఒక్కటే రెండో అరచేతిలో పెట్టుకుని చూస్తే పాతదే బరువనిపించింది. అలాంటివి ఇరవై నడుముకు తగిలించుకుని కొండ ఎక్కినవారి సంగతి ఆలోచించు అన్నారు ఆయన.

నైలాన్ రాకముందు పర్వతారోహకులు మనీలా నార తాడు, లేదా జనపనార జాతి తాడు వాడేవారు. ఆ నార తాళ్లకు సాగే గుణం చాలా తక్కువ. తడిస్తే బిరుసెక్కుతాయి, చలికి గడ్డకడతాయి, సరిగా ఆరకపోతే లోపల కుళ్లిపోయినా పైకి కనిపించదు. అందుకే ముందు ఎక్కేవాడు పడకూడదన్నది ఆ రోజుల్లో అందరికీ తెలిసిన నియమం. పడితే తాడు తెగవచ్చు. తెగకపోయినా ఆ కుదుపుకు నడుము విరగవచ్చు, లేదా కింద తాడు పట్టినవాడు కూడా ఊడిరావచ్చు. కాలిఫోర్నియాలో రిచర్డ్ లియొనార్డ్, ఆయన మిత్రులు 1930లలో బర్కిలీ దగ్గరి చిన్న బండల మీద కావాలని పడి, పట్టుకుని, అభ్యాసం చేశారు. తాడు సాగదు కనుక, పట్టుకునేవాడే దాన్ని నడుము చుట్టూ కొంత జారనిచ్చి కుదుపును మింగాలన్నది వారి పద్ధతి. దానికే డైనమిక్ బిలే అని పేరు వచ్చింది. ఈ ఆలోచన నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. ఆ రోజు వారు చేతులతో చేసిన పనినే ఈ రోజు నా తాడు తన పోగులతో చేస్తోంది.

ఈలోగా యుద్ధం వచ్చింది. 1939-40 శీతాకాలంలో ఫిన్లాండ్ సైనికులు స్కీల మీద తిరుగుతూ తమకంటే ఎంతో పెద్దదైన సోవియట్ సైన్యాన్ని నిలువరించడం చూసి, అమెరికాలో స్కీ గస్తీ సంఘాన్ని స్థాపించిన మైనట్ డోల్ అక్కడి సైన్యం మీద ఒత్తిడి తెచ్చాడు. 1941 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్‌లో 87వ పర్వత పదాతి బెటాలియన్ ఏర్పడింది. తర్వాత కొలరాడోలో, సముద్రమట్టానికి సుమారు 2,800 మీటర్ల ఎత్తున క్యాంప్ హేల్ కట్టారు. 1943 జులైలో అక్కడ ఏర్పడిన డివిజనే మరుసటి ఏడాది 10వ మౌంటెన్ డివిజన్ అయింది. అందులో చేరడానికి మూడు సిఫారసు లేఖలు తెమ్మనేవారు. స్కీ ఛాంపియన్లు, కొండ గైడ్లు, విశ్వవిద్యాలయాల పర్వతారోహణ సంఘాల కుర్రాళ్లు అలా ఒకే చోట చేరారు.

సైన్యానికి సామాను సమకూర్చే క్వార్టర్‌మాస్టర్ విభాగంలోకి కూడా కొండ ఎరిగినవారే వచ్చారు. 1938లో కె2 శిఖరాన్ని ప్రయత్నించిన జట్టులోని రాబర్ట్ బేట్స్, బిల్ హౌస్ వారిలో ఉన్నారు. 1942లో బేట్స్, బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్ తదితరులు దుస్తులు, గుడారాలు, ఇతర సామగ్రి పరీక్షించడానికి అలాస్కాలోని మెకిన్లీ పర్వతానికి వెళ్లి, ఆ పనిలోనే శిఖరం కూడా చేరారు. అది ఆ శిఖరానికి మూడో ఆరోహణ మాత్రమే. లియొనార్డ్ కూడా ఈ విభాగంలోనే పనిచేశాడు.

తాడు విషయంలో వారికి మరో దారి లేకపోయింది. మనీలా నార ముఖ్యంగా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చేది, 1942లో ఆ దీవులు జపాన్ చేతిలోకి పోయాయి. డ్యుపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో తయారుచేసిన నైలాన్ అప్పటికి మేజోళ్ల నుంచి పారాచూట్లకు మళ్లింది. దాన్నే తాడుగా పేని, బరువులు జారవిడిచి పరీక్షించారు. ఫలితం అనుకున్నదానికంటే మిన్నగా వచ్చింది: నైలాన్ తాడు అదే మందం గల మనీలా తాడు కంటే బలమైనదే కాక, గట్టిగా సాగి, పడేవాడి వేగాన్ని తనలోకి తీసుకుని, తిరిగి దాదాపు పూర్వపు పొడవుకు వస్తోంది. నార కొరత వల్ల చేసిన ఏర్పాటు నారకంటే మేలైనదిగా తేలింది. నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన ఆర్నాల్డ్ వెక్స్‌లర్ ఈ సాగుడును గణితంలోకి తెచ్చాడు. 1946లో లియొనార్డ్‌తో కలిసి, 1950లో తానొక్కడే ప్రచురించిన వ్యాసాల్లో, తాడు మీద పడే బలం ఎంత ఎత్తునుంచి పడ్డామన్న దానికంటే, ఆ ఎత్తుకూ మధ్యలో ఉన్న తాడు పొడవుకూ గల నిష్పత్తి మీద ఆధారపడుతుందని వివరించాడు. ఎక్కువ తాడు ఉంటే సాగడానికి ఎక్కువ తాడు ఉన్నట్టే కదా. నేను పడిన నాలుగు మీటర్లను పద్నాలుగుతో భాగిస్తే 0.3 కూడా రాదు. అదే నాలుగు మీటర్లు, బిలే చేసేవాడికి రెండు మీటర్ల పైనుంచి, మధ్యలో ఏ ఆధారమూ లేకుండా పడి ఉంటే ఆ నిష్పత్తి 2. అంతకంటే కఠినమైన పతనం సాధారణ క్లైంబింగ్‌లో ఉండదు.

ఇప్పుడు తాడు చివర అంటించిన చీటీ చదువుదాం. ఈఎన్ 892 అనే ఐరోపా ప్రమాణం ప్రకారం, ఇలా ఒక్కటిగానే వాడే తాడును 80 కిలోల బరువుతో, 1.7కు పైబడిన నిష్పత్తితో, ఐదు నిమిషాల వ్యవధుల్లో పదేపదే పడవేస్తారు. కనీసం ఐదు పతనాలకు అది తెగకూడదు, మొదటి పతనంలో కుదుపు బలం 12 కిలోన్యూటన్లు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు) దాటకూడదు, సాగుడు 40 శాతం మించకూడదు. నా తాడు చీటీ మీద ఏడు పతనాలు, 8.7 కిలోన్యూటన్లు, 33 శాతం అని ఉంది. స్థిరంగా 80 కిలోలు వేలాడదీసినప్పటి సాగుడు 8 శాతం; దానికి పరిమితి 10. ఈ అంకెలు మధ్యస్థంగా ఉన్నాయి, నా ఉద్దేశంలో అదే మంచిది. ఆ కుదుపు బలం ఇంకా తక్కువగా ఉండే తాళ్లు దొరుకుతాయి కానీ, అవి ఎక్కువగా సాగుతాయి కనుక నేలకో మెట్టుకో దగ్గరగా పడినప్పుడు ఆ అదనపు మీటరే కాలు విరిచే అవకాశం ఉంది.

ఇక్కడ తయారీ సంస్థ మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకంలో గోరంత బొమ్మలు, పాతిక భాషల్లో హెచ్చరికలు ఉన్నాయి తప్ప, ఏడు పతనాలు అంటే ఏమిటో ఒక్క వాక్యం లేదు. నాతో పాటు శిక్షణ పొందిన ఒక అమ్మాయి దాన్ని చదివి, తాను ఏడుసార్లు పడ్డాను కనుక తాడు పారేయాలా అని అడిగింది. మరో కుర్రవాడు, ఏడుసార్లు దాకా ఏం పరవాలేదు అని అర్థం చేసుకుని, పదునైన అంచు మీదుగా తాడు రాసుకుంటున్నా పట్టించుకోలేదు. రెండూ తప్పే. ఆ ఏడూ ప్రయోగశాలలోని అతి కఠినమైన పతనాలు. మామూలుగా మనం పడేవి వాటిలో చిన్న భాగం కూడా కావు. కానీ రాతి అంచు ఒక్కసారికే తాడును కోయగలదు, తాడు మీద తాడు వేగంగా రాసుకుంటే ఆ వేడికి నైలాన్ కరిగిపోగలదు. ప్రాణం వేలాడే వస్తువుతో వచ్చే పుస్తకంలో ఈ రెండు పేరాలు రాయకపోవడం నేను క్షమించలేకపోతున్నాను.

చేతిలో ఈ తాడు తీరు ఎలా ఉంది? మా శిక్షకుడి దగ్గరి పురుల తాడుతో పోలిస్తే వెన్నలా ఉంది. పేనిన తాడు మీద వేలాడితే పురులు విప్పుకునే వైపుకు మనిషి గిర్రున తిరుగుతాడు, అది ప్రతి బండకూ రాసుకుంటుంది, చేతిలో దూసుకుపోతే అరచేయి గీరుకుంటుంది. ఈ కష్టాలు తీర్చింది సైన్యం కాదు. ఆ ఘనత 1953లో ఎడెల్‌రిడ్ సంస్థ తెచ్చిన కెర్న్‌మాంటెల్ తాడుకు చెందుతుంది. లోపల బరువు మోసే నైలాన్ పోగుల గుండె, పైన దాన్ని కాపాడే అల్లిక తొడుగు. నా తాడు నిర్మాణం అదే. నైలాన్‌ను కొండకు తెచ్చినవారు యుద్ధకాలపు అమెరికన్లు, దానికి ఈ రూపం ఇచ్చినవారు యుద్ధానంతరపు జర్మన్లు. ఒకరి పద్దులో రెండోవారి పనిని వేయడం న్యాయం కాదు.

కొత్తలో మాత్రం ఈ తాడు మరీ నునుపు. తొడుగుకు వేసిన పూత వల్ల మొదటి ఆరేడు రోజులు బిలే పరికరంలో అనుకున్నదానికంటే వేగంగా జారింది. బరువైన స్నేహితుణ్ని దింపేటప్పుడు తాడు కింది భాగాన్ని రెండు చేతులా పట్టుకోవలసివచ్చింది. కొత్త తాడుతో మొదటి వారం అనుభవజ్ఞుడే బిలే చేయాలని నా గట్టి సలహా. తర్వాత ఆ పూత అరిగి, పట్టు కుదిరింది. సగం పొడవు తెలిపే నల్ల గుర్తు కూడా అదే వేగంతో అరిగిపోవడం రెండో లోపం. ముప్పై రోజుల వాడకం అయ్యేసరికి మధ్య గుర్తు బూడిదరంగు మచ్చలా మిగిలింది, సాయంత్రపు వెలుగులో అసలు కనిపించదు. తాడును సగానికి మడిచి వేలాడదీసి దిగేటప్పుడు ఆ సగం ఎక్కడో తెలియకపోతే ఒక కొస చేతిలోంచి జారిపోయే ప్రమాదం ఉంది కనుక, ఇది చిన్న లోపంగా కొట్టిపారేయదగ్గది కాదు. ఇప్పుడు ప్రతిసారీ రెండు కొసలూ కలిపి లాగి మధ్య భాగం వెతుక్కుంటున్నాను, కొసలకు ముడులు వేస్తున్నాను.

కారబైనర్ల సంగతికి వస్తే, పేరులోనే సైనికుడు ఉన్నాడు. గుర్రపు దళంవారు కార్బైన్ తుపాకీని పట్టీకి తగిలించుకునే కొక్కెం నుంచి జర్మన్ భాషలో ఆ పేరు వచ్చింది. సుమారు 1910లో మ్యూనిక్‌కు చెందిన ఆటో హెర్ట్‌సోగ్, అగ్నిమాపక సిబ్బంది వాడే కొక్కేలను చూసి దాన్ని బండలకు తెచ్చాడని చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 నుంచి, డోలమైట్ కొండల్లో ఇటలీ ఆల్పినీ దళాలూ ఆస్ట్రియా సైనికులూ శిఖరాల మీదే కాపురం పెట్టి, ఇనుప నిచ్చెనలు, తీగతాళ్లు బిగించారు; ఈనాడు వియా ఫెరాటా అని ఎక్కే ఎన్నో దారులకు అవే పునాది. అయితే అప్పటి కొక్కేలన్నీ ఉక్కువే. అల్యూమినియం కారబైనర్ల మీద యుద్ధానికి ముందే ఫ్రాన్స్‌లో పియరీ అల్లాఁ పని మొదలుపెట్టాడు. అమెరికాలో వాటిని యుద్ధం తర్వాత తయారుచేసి క్లైంబర్లకు అందించినవాడు 10వ మౌంటెన్ డివిజన్‌లో పనిచేసి వచ్చిన రఫీ బెడేన్. 1939లో డేవిడ్ బ్రవర్ తదితరులతో కలిసి షిప్‌రాక్ శిలను మొదటిసారి ఎక్కిన నలుగురిలో ఈయన ఒకడు.

నా రెండు కారబైనర్ల వెన్ను మీద, ఎంత బలాన్ని తట్టుకుంటాయో చెప్పే మూడు అంకెలు చెక్కి ఉన్నాయి. నిలువునా 23 కిలోన్యూటన్లు, అడ్డంగా 8, గేటు తెరిచి ఉంటే 7. ప్రమాణం కోరేది 20, 7, 7. గేటు తెరుచుకుంటే బలం మూడో వంతుకు పడిపోతుందన్న ఈ ఒక్క విషయం ఎరిగితే, మర తిప్పి లాక్ చేయడం మరచిపోయేవారు ఉండరు. వాటి పనితనం బాగుంది. ముక్కు దగ్గర కొక్కెం లేదు కనుక బోల్టుకో పట్టీకో చిక్కుకోకుండా వస్తాయి. ఇసుక రేణువులు చేరితే మాత్రం మర బిగుసుకుపోతోంది. ఒకసారి బండ మధ్యలో వేళ్లతో తిప్పలేక పది నిమిషాలు అవస్థపడ్డాను. గోరువెచ్చని నీటిలో కడిగి, ఆరాక పొడి కందెన వేశాక మళ్లీ మామూలైంది.

తాడు సంచి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, దాని మూతికి ఉన్న తాడుబిళ్ల గురించి తప్ప. నొక్కితే తాడు జారుతుంది, వదిలితే బిగుస్తుంది. మన వీపు సంచుల మీదా చలికోట్ల మీదా రోజూ చూసే వస్తువే. దాన్ని రూపొందించిన గెర్రీ కన్నింగ్‌హామ్ కూడా 10వ మౌంటెన్ డివిజన్ సైనికుడే. చేతి తొడుగులతో ముడి విప్పలేని చలి ఎలాంటిదో ఎరిగినవాడికే అలాంటి ఆలోచన వస్తుంది.

ఈ పెట్టెలో ఒక్క వస్తువు లేదు, లేనందుకు సంతోషిస్తున్నాను: పిటాన్, అంటే బండ పగుళ్లలో సుత్తితో దిగగొట్టే మేకు. వెస్ట్ వర్జీనియాలోని సెనెకా రాక్స్‌లో 1943-44లో శిక్షణ పొందిన సైనికులు మెత్తని ఇనుప మేకులను వేల సంఖ్యలో పగుళ్లలో దిగగొట్టి వదిలేశారు. వెయ్యి పిటాన్ల ముఖం అని అక్కడొక బండకు పేరే ఉంది. యుద్ధం ముగిశాక మిగిలిన మేకులు, కారబైనర్లు, నైలాన్ తాళ్లు సైనిక మిగులు సరుకుల దుకాణాలకు చేరి, డబ్బు లేని కుర్రాళ్లకు కొండ దారి తెరిచాయి. మెత్తని ఇనుము కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ గ్రానైట్‌లో వంగిపోతుంటే జాన్ సలాథే గట్టి ఉక్కుతో చేయడం మొదలుపెట్టాడు. 1947లో ఆంటన్ నెల్సన్‌తో కలిసి అయిదు రోజులు బండ మీదే గడిపి లాస్ట్ యారో శిఖరం చేరాడు. ఆ గట్టి మేకులను కొట్టి, ఊడబీకి, మళ్లీ కొట్టడంతో రాయి గాయపడింది. అది చూసే 1970ల మొదట్లో సామగ్రి తయారుచేసే ఇవాన్ షునార్డ్ వంటి క్లైంబర్లు సుత్తి అవసరం లేని, చేత్తో అమర్చి తీసేసే సామగ్రివైపు మళ్లారు. సైన్యం అందించిన పద్ధతుల్లో వదులుకోవలసినవీ ఉన్నాయని ఆ బండలు చూస్తే అర్థమవుతుంది.

10వ మౌంటెన్ డివిజన్ శిక్షణకు అసలు పరీక్ష 1945 ఫిబ్రవరి 18 రాత్రి ఎదురైంది. ఇటలీ ఉత్తర అపెనైన్ కొండల్లో, బెల్వెడేరే పర్వతాన్ని కనిపెట్టి చూసే రీవా శిఖరశ్రేణి మీదికి 86వ రెజిమెంటు సైనికులు చీకట్లో ఎక్కారు. ఆ నిటారు వైపు నుంచి ఎవరూ రాలేరని జర్మన్లు కావలి పలచగా ఉంచారు. కష్టమైన చోట్ల ముందు వెళ్లినవారు తాళ్లు బిగించి, వెనుకవారికి దారి చేశారు. తెల్లవారేసరికి శిఖరం వారి చేతిలో ఉంది. యుద్ధం ముగిసేలోగా ఆ డివిజన్ సుమారు వెయ్యి మందిని కోల్పోయింది. నేను సెలవు రోజున సరదాగా ఎక్కే కొండకు వాడే తాడు వంశవృక్షంలో వారున్నారని తెలిశాక, తాడును నేల మీద పడేసి తొక్కడం నా వల్ల కావడం లేదు.

ఎవరు కొనాలన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఇప్పుడిప్పుడే లీడ్ నేర్చుకుంటున్నవారికి, ఒకే తాడుతో అన్ని పనులూ చేసుకోవాలనుకునేవారికి ఇది సరైన మందం. ఇంకా సన్నని తాళ్లు బరువు తగ్గిస్తాయి కానీ త్వరగా అరుగుతాయి, పట్టుకోవడానికి చేయి తిరిగి ఉండాలి. 60 మీటర్లకు సుమారు 3.8 కిలోలు తూగుతుంది కనుక, దూరపు నడక ఉన్న కొండలకు మోసేవారు ఇంకొకటి చూసుకోవచ్చు. మంచు మీదికి వెళ్లేవారు దీన్ని కొనవద్దు. ఇది నీరు పీల్చని రకం కాదు. తడిసిన నైలాన్ బరువెక్కుతుంది, బలం కూడా కొంత కోల్పోతుంది. ఎండలో ఆరబెట్టకుండా, నీడలో వదులుగా పరిస్తే నాకు ఒకటిన్నర రోజులో ఆరింది.

ఎక్కువసార్లు ముడి పడే కొసల దగ్గర తొడుగు నూగెక్కి, లోపలి పోగులు మెత్తబడినట్టు వేళ్లకు తగలడంతో పోయిన నెల ఒక్కో వైపు మీటరున్నర కోసి, కొసలను వేడితో అతికించాను. ఇప్పుడు తాడు పొడవు 57 మీటర్లు. ఆ అంకెను తాడు సంచి లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాసి ఉంచాను, ఎవరు అరువు అడిగినా ముందు అదే చూపిస్తున్నాను.